అప్పగింత ప్రార్థన: మన ఇష్టం చెప్పి, తండ్రి చిత్తానికి విడిచిపెట్టే తీరు

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం వైపు తెలుగు ఇళ్లలో ఏ కూటం పెట్టినా చివరి ప్రార్థన ఒక్క మాట దగ్గరికే వచ్చి ఆగుతుంది: "ప్రభువా, నీ చిత్తమే జరుగును గాక." అందరూ ఆమేన్ అంటారు, టీ గ్లాసులు వస్తాయి. జ్వరం గురించి ప్రార్థించినా, గట్టు తగాదా గురించి ప్రార్థించినా, సూరత్ వెళ్లిన కొడుకు గురించి ప్రార్థించినా ముగింపు అదే. మాటలో తప్పు లేదు, ప్రభువు నేర్పిన మాటే. కానీ దరఖాస్తు చివర "ఇట్లు తమ విధేయుడు" అని రాసేసినట్టు అంటే మనసులో పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉంటుంది. ఇంటికి వెళ్లి పడుకున్నాక అదే దిగులు మళ్లీ మొదలవుతుంది.

దీనికి కారణం ఎక్కువగా వరసలో ఉంటుంది. కోరిక చెప్పకముందే చిత్తం అనేస్తాం. ఎవరి చిత్తమో తలచుకోకముందే తల వంచేస్తాం. ఆ వరస సరిచేసుకుని, ఒక్క విషయం మీద అరగంట ప్రార్థించడం ఎలాగో కింద ఉంది.

చిత్తం అన్న మాట గురించి

ఈ మాటకు ఇక్కడ పాత బరువు ఒకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేవరకు పర్లాకిమిడి మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది, జమీందారీ నేల. దివాణం మనిషి ఏం చెప్పినా రైతు "చిత్తం బాబూ" అనాల్సిందే. ఆ చిత్తంలో నమ్మకం లేదు, కాదంటే ఏమవుతుందోనన్న భయమే ఉంది. ప్రార్థనలో "నీ చిత్తం" అంటున్నప్పుడు చాలామంది గొంతులో ఇప్పటికీ ఆ పాత చిత్తమే పలుకుతుంది. దేవుడు పెద్ద దొర, ఆయన ఏం తీసుకుపోతాడో తెలియదు, ముందే తల వంచితే దెబ్బ తక్కువ తగులుతుందేమో అన్న లెక్క అది.

ఇదే ప్రార్థనను ఒడియా బడికి వెళ్లే పిల్లలు "తుంభర ఇచ్ఛా సఫళ హేఉ" అని చెబుతారు. అక్కడ చిత్తానికి బదులు ఇచ్ఛ ఉంది. ఆ మాట వినగానే దేవునికీ ఒక కోరిక ఉందని, అది నెరవేరాలని ఆయన ఆశపడుతున్నాడని తెలుస్తుంది. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు అన్నమాట మన తెలుగు బైబిలులో "నా యిష్టము కాదు, నీ చిత్తమే సిద్ధించును గాక" అని ఉంది (లూకా 22:42). మనిషిది ఇష్టం, దేవునిది చిత్తం అని అనువాదకులు రెండు మాటలు వాడారు. గ్రీకు మూలంలో రెండింటికీ మాట ఒకటే, థెలేమా. కుమారునికి ఒక కోరిక ఉంది, తండ్రికి ఒక కోరిక ఉంది. కుమారుడు తన కోరికను దాచలేదు. "ఈ గిన్నె తొలగించు" అని ముందు అడిగాడు, ఆ తర్వాతే రెండో మాట అన్నాడు. అప్పగింత ప్రార్థనకు ఆ వరసే ఆధారం.

తలరాతకు తల వంచడం ఇది కాదు. తలరాతకు చెవులు లేవు, దానితో మాట్లాడలేం. "ఎలా రాసిపెట్టుంటే అలా జరుగుతుంది" అని ఊరుకోవడానికి ప్రార్థన అవసరమే లేదు.

కావలసినవి

ఒక నోటుపుస్తకం, పెన్ను, బైబిలు. ఎవరూ పిలవని అరగంట. జీడిపిక్కల కాలంలో తెల్లారకముందే తోటకు పోవాలి కాబట్టి ఆ నెలల్లో రాత్రి భోజనాల తర్వాత పెట్టుకోండి, మిగతా కాలంలో వేకువ మంచిది. ఇంట్లో గది లేకపోతే పెరట్లో గాని వసారాలో గాని గోడవైపు తిరిగి కూర్చుంటే చాలు. ఫోను వేరేచోట పెట్టండి. వాట్సాప్ ప్రార్థన గ్రూపులో విన్నపం పెట్టడం మంచిదే, కానీ అది ఈ పనికి బదులు కాదు. పదిమంది చేతులు జోడించిన బొమ్మ పంపగానే భారం దిగినట్టు అనిపిస్తుంది, సాయంత్రానికి మళ్లీ ఎక్కుతుంది.

ఒక పూటకు ఒక్క విషయమే తీసుకోండి. ఇంటి సమస్యలన్నీ ఒకేసారి అప్పగించబోతే ఒక్కదాన్నీ సరిగ్గా పట్టుకోలేం. సరిగ్గా పట్టుకోనిదాన్ని ఇవ్వనూ లేం.

ముందు, ఎవరి చేతికి ఇస్తున్నామో చూసుకోవడం

దీనికి ఐదు నిమిషాలు. పెళ్లిలో అప్పగింతలు ఎలా జరుగుతాయో తలచుకోండి. పిల్ల చేతిని అత్తమామల చేతిలో పెట్టేముందు ఆ ఇంటి గురించి నెలల తరబడి ఆరా తీస్తాం. వాళ్ల మాట ఎలాంటిది, కోడళ్లను ఎలా చూసుకుంటారు, కష్టం వస్తే నిలబడతారా అని పదిమందిని అడుగుతాం. ఆ ఆరా లేకుండా పిల్లనిచ్చేవాళ్లు ఉండరు. ప్రార్థనలో మాత్రం ఆరా లేకుండానే అప్పగింతలకు కూర్చుంటాం.

కాబట్టి దేవుని మంచితనం చెప్పే వాక్యం ఒకటి తీసుకోండి. "యెహోవా ఉత్తముడని రుచి చూచి తెలిసికొనుడి" (కీర్తనలు 34:8) సరిపోతుంది. లేదా కొడుకు రొట్టె అడిగితే రాయిచ్చే తండ్రి ఉంటాడా అని ప్రభువు అడిగిన భాగం (మత్తయి 7:9-11). సొంత కుమారుణ్ణే ఇచ్చినవాడు మిగతావి ఎందుకివ్వడు అన్న రోమా 8:32 కష్టకాలంలో ఎక్కువ ఆనుకోదగ్గది, ఎందుకంటే అది మన పరిస్థితిని సాక్ష్యానికి పిలవదు, సిలువను పిలుస్తుంది. పరిస్థితి బాగోలేని రోజున కూడా ఆ సాక్ష్యం మారదు. ఎంచుకున్న వాక్యాన్ని పైకి మూడుసార్లు మెల్లగా చదవండి.

తర్వాత గడచిన వారంలో జరిగిన మేళ్లు మూడు చెప్పండి. "ఊపిరిచ్చావు, ఆహారమిచ్చావు" అని గుండుగుత్తగా వద్దు. "మంగళవారం గుణుపురం రైలు తప్పిపోతే పక్కింటి బాబాయి బండి మీద దింపాడు" అన్నంత కచ్చితంగా ఉండాలి. కచ్చితమైన మేలు మాత్రమే మనసుకు ఆనుతుంది.

తండ్రి అన్న మాట దగ్గరే ఆగిపోయేవాళ్లున్నారు. తాగొచ్చి కొట్టిన తండ్రిని చూసి పెరిగినవాళ్లకు ఆ పిలుపు నోట రాదు, వచ్చినా ఒళ్లు బిగుసుకుంటుంది. బలవంతంగా అనక్కర్లేదు. యేసు ముఖం నుంచి మొదలుపెట్టండి, "నన్ను చూచినవాడు తండ్రిని చూచియున్నాడు" అన్నది ఆయనే (యోహాను 14:9). లేదా చంటిబిడ్డను మరచిపోని తల్లితో దేవుడు తన్ను పోల్చుకున్న యెషయా 49:15 చదవండి. గలతీయులకు రాసిన పత్రిక 4:6లో "నాయనా తండ్రీ" అన్న పిలుపు ఉంది. అరామిక్‌లో అబ్బా, మనకు నాయనా. ఆ పిలుపు కొందరికి ఏళ్లు పట్టవచ్చు, తొందరేమీ లేదు.

తర్వాత, కోరిక ఉన్నదున్నట్టు చెప్పడం

అన్నిటికంటే ఎక్కువసేపు పట్టేది, ఎక్కువమంది దాటేసేది ఇదే. పది నిమిషాలు తీసుకోండి. బర్తిమయి గుడ్డివాడని చూసేవాళ్లందరికీ తెలుసు, ప్రభువుకూ తెలుసు. అయినా నీకేం చేయమంటావని అడిగాడు, అతను తన నోటితో చెప్పేదాకా ఆగాడు (మార్కు 10:51).

కోరిక రాయండి. నెరవేరే అవకాశం ఉందా, దేవునికి నచ్చుతుందా అన్న ఆలోచన ఇక్కడ వద్దు. మొదటి పంక్తి దాదాపు ఎప్పుడూ అసలు కోరిక కాదు, ఎవరికైనా చెప్పుకోగలిగిన కోరిక. మూడో నాలుగో పంక్తిలో అసలుది బయటపడుతుంది. ఒక కూతురు రాసే పేజీ ఎలా ఉంటుందో చూడండి. ఉద్దానం వైపు నుంచి వచ్చి స్థిరపడిన ఇల్లు, నాన్నకు మూత్రపిండాల జబ్బు (క్రియాటినిన్ అంటే ఆ జబ్బు ఎంత ముదిరిందో చూపే రక్తపరీక్ష అంకె):

"నాన్నకు క్రియాటినిన్ తగ్గాలి.
డయాలసిస్ దాకా పోకూడదు.
పోయినా, పొలం అమ్మకుండా గడవాలి.
నాన్న నా పెళ్లి చూడాలి.
అన్నయ్య ఒక్క నెలైనా డబ్బు పంపాలి. పంపనందుకు వాడి మీద నాకు చాలా కోపంగా ఉంది."

మొదటి పంక్తి ఏ కూటంలోనైనా చెప్పొచ్చు. నాలుగోది ఏడిపిస్తుంది. చివరిది కూటంలో చెప్పలేం, కానీ రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వనిది అదే. ఆ పంక్తి రాయకుండా లేచి ఉంటే ఆమె క్రియాటినిన్‌ను అప్పగించి, అన్నయ్యను గుప్పిట్లో పెట్టుకుని పోయేది.

కోపం దేవుని మీదైనా రాయండి. కీర్తన 13 "ఎన్నాళ్లు" అని నాలుగుసార్లు అడుగుతుంది. పిల్లల్లేని హన్నా గుడిలో పెదవులు మాత్రమే కదుపుతూ ఏడుస్తుంటే యాజకుడు ఏలీ తాగి వచ్చిందనుకున్నాడు. ఆమె తన మనసంతా దేవుని ముందు కుమ్మరిస్తున్నానని చెప్పింది. ఆ కుమ్మరింత తర్వాత ఆమె లేచి భోజనం చేసింది, ముఖంలో దిగులు పోయింది (1 సమూయేలు 1:18). అప్పటికి బిడ్డ కడుపున పడలేదు. ఆ వచనం దగ్గర ఒక నిమిషం ఆగండి.

కోరిక కింద ఒక గీత గీసి భయం కూడా రాయండి, ఒక్క వాక్యం. "ఇది జరగకపోతే..." అని మొదలుపెట్టి పూర్తి చేయాలి. పై పేజీలోని కూతురికి అది "నాన్న లేకపోతే ఈ ఇంట్లో నా మాట వినేవాళ్లుండరు" అని రావచ్చు. ఇప్పుడు అప్పగించాల్సింది ఏమిటో తేలింది. పరీక్ష కాగితంలోని అంకె పైకి కనిపించేదే, లోపలున్నది ఒంటరితనం.

అప్పగించే మాట

దీనికి ఐదు నిమిషాలు. "నీ మార్గమును యెహోవాకు అప్పగింపుము" (కీర్తనలు 37:5) అన్నచోట హెబ్రీ మాటకు దొర్లించడం అని అర్థం. ఎత్తి ఇవ్వలేని బరువును దొర్లించి ఇస్తాం. ఒక్క ఊపులో వదిలేయలేకపోతున్నాననే బాధ ఉన్నవాళ్లకు ఆ మాట ఊరట.

రాసినదాన్ని బైబిలు మీద పెట్టండి. యూదా రాజు హిజ్కియా, అష్షూరు రాజు పంపిన బెదిరింపు ఉత్తరాన్ని మందిరానికి తీసుకెళ్లి దేవుని ఎదుట పరిచాడు (2 రాజులు 19:14). కాగితం పరచడానికి కారణం ఉంది. మాట గాలిలో పోతుంది, కాగితం మన చేతిలోంచి దిగి ఒకచోట ఉంటుంది, కంటికి కనిపిస్తుంది. అరచేతులు పైకి తిప్పి మోకాళ్ల మీద పెట్టుకుని, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే, ఒక్కో పంక్తికి ఒక్కో మాట చొప్పున పైకి చెప్పండి. "ఓ మహోన్నతుడవైన" అని మొదలుపెట్టాల్సిన పని లేదు. ఇలా ఉండొచ్చు:

"నాయనా, మా నాన్న బాగుపడాలని నాకు ఎంత ఉందో నీకు చెప్పాను. ఇంకా అడుగుతాను. కానీ నాన్న నీకంటే ఎక్కువ నావాడు కాడు. ఆయన ఒంటిని, ఆయన రోజుల్ని నీ చేతిలో పెడుతున్నాను. పొలాన్ని పెడుతున్నాను. అన్నయ్యను పెడుతున్నాను, వాడి మీది కోపాన్ని కూడా. నాన్న లేని ఇంట్లో నేనుండే రోజు వస్తే, ఆ రోజు నువ్వు అక్కడ ఉంటావని నమ్ముతున్నాను. నమ్మలేని కొంచెం ఉంది, అదీ నీకే. నా ఇష్టం కాదు, నీ చిత్తమే జరగనీ."

చిత్తం అన్న మాట చివర వచ్చిందని గమనించండి. అంతకుముందు ఏడు వాక్యాలకు పైగా సొంత మాటలున్నాయి. అవి ఉన్నాయి కాబట్టే చివరి మాటకు బరువు వచ్చింది. ఆ తర్వాత రెండు నిమిషాలు ఏమీ మాట్లాడకుండా కూర్చోండి. ఆలోచనలు వస్తాయి, రానివ్వండి, వాటికి జవాబివ్వొద్దు. కీర్తన 131లో మూడే వచనాలున్నాయి. పాలు మాన్పిన పిల్ల తల్లి దగ్గర ఊరికే కూర్చున్నట్టు అంటుంది. పాల కోసం కాదు, తల్లి కోసమే.

పెదవి పలికినా మనసు ఒప్పుకోకపోతే అబద్ధమాడొద్దు. ఒక మెట్టు దిగి అడగండి: "ఇవ్వాలన్న కోరికైనా నాలో పుట్టించు." ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2:13 ప్రకారం మనలో "ఇచ్ఛయించుట" పుట్టించేదీ దేవుడే. ఆ ఒక్క మనవితో ఆ పూట లేచిపోయినా ప్రార్థన పూర్తయినట్టే. రేపు ఇంకో మెట్టు ఎక్కొచ్చు.

మన వంతు పని

లేచేముందు పేజీ కింద "నా వంతు" అని రాసి ఒకటో రెండో పనులు వేయండి. యెరూషలేము గోడ కడుతున్నప్పుడు నెహెమ్యా ప్రార్థించి కావలి కూడా పెట్టాడు (నెహెమ్యా 4:9). పై ఇంట్లో ఆ పనులు ఇలా ఉంటాయి: వచ్చే పరీక్షకు తేదీ తీసుకోవడం, డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలు కొననివ్వకపోవడం (వాటిలో చాలావరకు దెబ్బతిన్న మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి), అన్నయ్యకు కోపం లేకుండా ఒక్క ఫోను. డయాలసిస్ మొదలైతే ఒక్క వాయిదా కూడా తప్పించకూడదు. ఉపవాస ప్రార్థన రోజని తప్పించడం అసలు కుదరదు.

ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. గజపతి, రాయగడ, కోరాపుట్ కొండల్లో మెదడుకెక్కే రకం మలేరియా ఉంది. జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త దగ్గర రక్తం చూపించాలి, ఒక్క రోజు ఆలస్యం ప్రాణం మీదికి తెస్తుంది. "దేవునికి అప్పగించాం" అని పిల్లాణ్ణి ఇంట్లో ఉంచడం అప్పగింత కాదు. హిజ్కియా జబ్బు నయం చేస్తానని దేవుడు మాటిచ్చాక కూడా యెషయా అంజూరపు ముద్ద తెప్పించి పుండు మీద పెట్టించాడు (2 రాజులు 20:7). క్షయ మందులు ఆరు నెలలు వేయమంటే ఆరు నెలలూ వేయాలి. మందు మాన్పించి విశ్వాసం చూపించమనే బోధకుడి మాట వినకండి, ఎంత పేరున్నవాడైనా.

ఎక్కడ తప్పుతుంది

రాత్రి రెండు గంటలకు. పగలు ఇచ్చింది చీకట్లో వెనక్కి తెచ్చుకుంటాం. ఇది విశ్వాసం లేకపోవడం కాదు, ఆ వేళకు మనసుకుండే బలహీనత. అప్పుడు కొత్తగా ప్రార్థన మొదలుపెట్టి వాదించకండి, తెల్లారేదాకా సాగుతుంది. ఒకే వాక్యం ముందే సిద్ధం చేసి పెట్టుకోండి: "నాన్న నీ చేతిలో ఉన్నాడు, పొద్దున మాట్లాడతాను." అది చెప్పి పక్కకు తిరిగి పడుకోండి. పది సార్లు లేస్తే పది సార్లూ అదే వాక్యం.

బేరంలోకి జారిపోవడం రెండోది. "ఇది చేస్తే కృతజ్ఞతా కూటం పెడతాను, పదివేలు కానుకిస్తాను." పెట్టాలనుకుంటే పెట్టండి, మంచిదే. కానీ షరతు చేరిందంటే విషయం ఇంకా మన గుప్పిట్లోనే ఉంది. హన్నా మొక్కుకుంది కదా అంటారు. ఆమె మొక్కులో తనకు మిగిలేది ఏముందో చూడండి, అడిగిన బిడ్డనే తిరిగి ఇచ్చేస్తానంది.

గుర్తులు వెతకడం మన సంఘాల్లో బాగా పాతుకుపోయింది. కొత్త సంవత్సరం రాత్రి తీసిన వాగ్దానం కార్డును ఏడాదంతా జాతకంలా వాడతారు. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టిన వచనంతో సంబంధం ఖాయం చేస్తారు. కార్డు గోడకు పెట్టుకోండి, దానిలోని వాక్యంతో ధైర్యం తెచ్చుకోండి. నిర్ణయం మాత్రం ప్రార్థించి, విచారించి, పెద్దల్ని అడిగి తీసుకోండి. గుర్తు కోసం పట్టుబట్టడమంటే ముందే జవాబు చేతికిస్తే తప్ప చేయి వదలను అనడమే.

నెమ్మదిని కొలబద్దగా పెట్టుకోవడం ఇంకొకటి. ప్రార్థించాక మనసు తేలికపడలేదు కాబట్టి అప్పగించలేదేమో అని కుంగిపోతారు. గెత్సేమనేలో "నీ చిత్తమే" అన్న తర్వాతే ఆయన వేదనపడి ఇంకా ఆతురంగా ప్రార్థించాడు, చెమట రక్తబిందువుల్లా పడింది (లూకా 22:44). అప్పగింతల వేళ కన్నతల్లి ఏడుస్తుంది. అల్లుడి మీద నమ్మకం లేక కాదు.

ఒక్కసారి అప్పగిస్తే మళ్లీ అడగకూడదన్న మాట కూడా వినిపిస్తుంది. ప్రభువు అదే మాట చెప్పి మూడుసార్లు ప్రార్థించాడు (మత్తయి 26:44). పౌలు తన ఒంట్లో ముల్లు అని చెప్పుకున్న బాధ గురించి మూడుసార్లు వేడుకున్నాడు, "నా కృప నీకు చాలును" అన్న జవాబు వచ్చాక ఆపాడు. పిల్లను పంపించాక ఎలా ఉందని కబురు కనుక్కోవడం మానేస్తామా? మొదటి వారం రోజూ ఇదే పేజీ తీయండి, తర్వాత వారానికోసారి, ఒకే రోజున. పేజీలో పంక్తులు మారుతుంటాయి. నెల తిరిగేసరికి కొన్ని కొట్టేయాలనిపిస్తుంది, కొత్తవి చేరతాయి. ఆ మార్పును తేదీతో సహా ఉంచండి.

దీనికి ఎదురు వైపు నుంచి, "నీ చిత్తమైతే" అనడం అవిశ్వాసమని, అధికారంతో ఆజ్ఞాపించాలని చెప్పేవాళ్లున్నారు. ఆ మాట అన్నది యేసు. అంతకంటే చెప్పేది లేదు.

అన్నిటికంటే ప్రమాదం, ఒకరి ఇష్టాన్ని దేవుని చిత్తమని ఇంకొకరి మీద రుద్దడం. పిల్ల నర్సింగు చదువుతానంటే టెక్కలి సంబంధం దేవుని చిత్తమంటారు. దెబ్బలు తింటున్న భార్యను ఓర్చుకో, అదే సిలువ అంటారు. గెత్సేమనేలో యేసు తన ఇష్టాన్ని తాను అప్పగించాడు, పేతురు ఇష్టాన్ని కాదు. నిద్రపోతున్న శిష్యుల్ని లేపి మెలకువగా ఉండమన్నాడే గాని వాళ్ల తరఫున ఏ గిన్నే ఒప్పుకోలేదు. దెబ్బలు తినే మనిషికి ముందు కావలసింది భద్రత. మహిళల సహాయానికి 181, ప్రాణం మీదికొస్తే 112. అప్పగింత ప్రార్థన ఆమె క్షేమమైన చోట కూర్చున్నాక, తనకు తోచినప్పుడు చేసుకుంటుంది.

కూటంలో చేయాలంటే

కోరాపుట్, జయపురం వైపు 1882లో జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లం మిషను వల్ల పెరిగిన లూథరన్ సంఘాల్లో రాసి ఉన్న ప్రార్థన చదివే అలవాటుంది. పర్లాకిమిడి బాప్టిస్టుల్లో అప్పటికప్పుడు సొంత మాటలతో చేస్తారు. రెండూ ఈ పనికి వస్తాయి. రాసిన ప్రార్థనలో మన కోరిక పేరు చేర్చడానికి ఒక ఖాళీ వదలాలి, సొంత ప్రార్థనలో మాట చుట్టూ తిరగకుండా చూసుకోవాలి. పిల్లలకు ప్రభువు ప్రార్థన నేర్పడానికి లూథర్ 1529లో రాసిన వివరణ "నీ చిత్తం" అన్న మనవి దగ్గర సూటిగా ఉంటుంది: మనం అడగకపోయినా దేవుని మంచి చిత్తం జరుగుతుంది, అది మనలోనూ జరగాలని అడుగుతున్నాం.

తెలుగు, ఒడియా, సవర మాట్లాడేవాళ్లు కలిసి కూర్చున్నప్పుడు నడిపించేవాళ్లు ఒక్కో మెట్టు పేరు మాత్రం మూడు భాషల్లో చెప్పి, ఒక్కో మెట్టుకు మూడు నిమిషాలు వదిలేయాలి. ఎవరి భాషలో వాళ్లు మెల్లగా చెప్పుకుంటారు. కోరిక అరువు భాషలో రాదు. రోగి మంచం పక్కన ప్రార్థిస్తే ముందు ఆయన్నే అడగండి: "ఏమని ప్రార్థించమంటారు, బాబాయ్?" నయం కావాలంటే నయమే అడగండి. ఇంటికి తీసుకుపొమ్మంటే అది అడగండి. ఆయన తన నోటితో అనేదాకా "నీ చిత్తం" మనం తొందరపడి అనొద్దు.

జవాబు కాదన్నదైతే

దావీదు బిడ్డ కోసం ఏడు రోజులు తినకుండా నేల మీద పడి ఉన్నాడు. బిడ్డ పోయాక లేచి స్నానం చేసి, మందిరానికి వెళ్లి మొక్కి, ఇంటికొచ్చి భోజనం చేశాడు (2 సమూయేలు 12). ఆ లేవడం అందరికీ ఏడో రోజునే రాదు. నెలలు పట్టినా అది అవిశ్వాసం కాదు.

నోటుపుస్తకం పారేయకండి. ఆ పేజీ కింద జరిగింది రాసి, తేదీ వేయండి. "నాన్న పోయారు" అని రాయాల్సి వస్తే అంతే రాయండి. దాని కింద మేలు ఏదో వెతికి చేర్చమని ఎవరన్నా చెబితే వినాల్సిన పని లేదు. పలకరించడానికి వచ్చినవాళ్లు కూడా ఆ పని చేయొద్దు, అంతా మన మేలుకే అనొద్దు, పక్కన కూర్చోండి చాలు. ప్రార్థించాలనిపించి మాట రాకపోతే కీర్తన 88 తెరవండి. దుఃఖంతో మొదలై దుఃఖంలోనే ఆగుతుంది, చివరి మాట చీకటి. దాని తర్వాత స్తోత్రం చేర్చకుండానే ఎవరో దాన్ని బైబిలులో ఉంచారు. మీరూ ఆ పూటకు అక్కడే ఆపి, ఆమేన్ అనుకుని, పుస్తకం మూసి పడుకోవచ్చు.